లూపస్ వ్యాధిగ్రస్తులలో అధిక రక్తపోటు

విషయక్రమం

10.0 లక్ష్యాలు
10.1 పరిచయం
10.2 రక్తపోటు - మూల భావనలు
10.3 లూపస్‌లో రక్తపోటు పెరగడానికి కారణాలు
10.3.1 మూత్రపిండాల వాపు
10.3.2 రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం
10.3.3 మందుల ప్రభావం
10.3.4 అందరికీ వర్తించే కారణాలు
10.4 అధిక రక్తపోటు వల్ల కలిగే నష్టం
10.5 రక్తపోటును గుర్తించడం
10.6 నియంత్రణ, చికిత్స
10.7 గర్భిణులలో ప్రత్యేక జాగ్రత్తలు
10.8 సారాంశం
10.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు
10.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు
10.11 పదకోశం

10.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

• రక్తపోటును నిర్ణయించే అంశాలను వివరించగలుగుతారు;
• లూపస్ వ్యాధిలో రక్తపోటు పెరగడానికి గల కారణాలను వేరువేరుగా గుర్తించగలుగుతారు;
• చిన్న వయసు స్త్రీలలో ఈ సమస్య ఎందుకు గమనింపుకు రాకుండా పోతుందో చెప్పగలుగుతారు;
• రక్తపోటును సరిగా కొలిచే పద్ధతిని, నియంత్రణ మార్గాలను వివరించగలుగుతారు.

10.1 పరిచయం

మన శరీరంలోని రక్షణ వ్యవస్థ బయటి నుంచి వచ్చే సూక్ష్మజీవులతో పోరాడుతుందని ఇంతకుముందు పాఠాల్లో తెలుసుకున్నారు. కొందరిలో ఈ వ్యవస్థ తన, పర భేదాన్ని మరచి, సొంత కణజాలంపైనే దాడి చేస్తుంది. ఇలాంటి వ్యాధులను స్వయం ప్రతిరక్షక వ్యాధులు అంటారు. వీటిలో ముఖ్యమైనది సిస్టమిక్ లూపస్ ఎరిథిమటోసస్. దీన్నే వాడుకలో లూపస్ అంటున్నాం. లాటిన్ భాషలో 'లూపస్' అంటే తోడేలు.

లూపస్ వచ్చేవారిలో ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలు. అందులోనూ ఎక్కువమందికి 15 నుంచి 45 ఏళ్ల మధ్య, అంటే చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లల పెంపకం సాగే వయసులో ఈ వ్యాధి బయటపడుతుంది. కీళ్ల నొప్పులు, విడవని అలసట, జ్వరం, జుట్టు రాలడం, నోటిలో పుండ్లు, ఎండ తగిలితే బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో ఎర్రని మచ్చ దీని సామాన్య లక్షణాలు.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకోండి. 27 ఏళ్ల ఒక ఉపాధ్యాయినికి రెండేళ్లుగా లూపస్ ఉంది. మందులతో కీళ్ల నొప్పులు తగ్గాయి. కొన్ని వారాలుగా తలనొప్పి వస్తున్నది. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. "రోజంతా నిలబడి పాఠాలు చెబితే కాళ్లు వాయవా?" అని ఇంట్లోవారు సర్దిచెప్పారు. ఆమె కూడా అలాగే అనుకుంది. ఆస్పత్రికి వెళ్లినప్పుడు చూస్తే రక్తపోటు 160/100 ఉంది. మూత్ర పరీక్షలో ప్రోటీన్ కనిపించింది. ఈ వయసులో బీపీ ఏమిటని ఆమె ఆశ్చర్యపోయింది. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ పాఠం ఉద్దేశం. చదువుతున్నంతసేపూ ఈ ఉదాహరణను మనసులో ఉంచుకోండి.

10.2 రక్తపోటు - మూల భావనలు

గుండె నుంచి వెలువడిన రక్తం ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడే రక్తపోటు. గుండె సంకోచించినప్పుడు ఉండే ఒత్తిడిని సిస్టోలిక్ పీడనం అనీ, గుండె వ్యాకోచించినప్పుడు ఉండే ఒత్తిడిని డయాస్టోలిక్ పీడనం అనీ అంటారు. 120/80 అన్నప్పుడు మొదటిది సిస్టోలిక్, రెండోది డయాస్టోలిక్. దీన్ని పాదరస మట్టం మిల్లీమీటర్లలో కొలుస్తారు.

రక్తపోటును రెండు అంశాలు నిర్ణయిస్తాయి.

రక్తపోటు = గుండె నిమిషానికి పంపే రక్తం × రక్తనాళాలు చూపే నిరోధం

విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. శరీరంలో ఉప్పు, నీరు నిలిచిపోతే నాళాల్లోని ద్రవ పరిమాణం పెరిగి మొదటి అంశం పెరుగుతుంది. సన్నని ధమనులు కుంచించుకుపోతే రెండో అంశం పెరుగుతుంది. నాళం వ్యాసార్ధం కొద్దిగా తగ్గినా నిరోధం చాలా పెరుగుతుందని గమనించండి. నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. అందువల్ల వ్యాసార్ధం 10 శాతం తగ్గితే నిరోధం సుమారు 52 శాతం పెరుగుతుంది. పొలానికి నీరు పెట్టే గొట్టం చివర వేలితో కొద్దిగా మూస్తే నీరు ఎంత జోరుగా చిమ్ముతుందో మీరు చూసే ఉంటారు.

ఈ రెండు అంశాలపైనా అదుపు ఉన్న అవయవం మూత్రపిండం. అది ఎంత ఉప్పును బయటికి పంపాలో నిర్ణయిస్తుంది. తనకు రక్తం చాలడం లేదనిపిస్తే రెనిన్ అనే ఎంజైమును విడుదల చేస్తుంది. రెనిన్ వల్ల మొదలైన చర్యల చివర యాంజియోటెన్సిన్-2 తయారవుతుంది. ఇది రక్తనాళాలను కుంచింపజేస్తుంది. ఆల్డోస్టిరోన్ అనే హార్మోను స్రావాన్ని పెంచి, ఉప్పును శరీరంలో నిలిపేలా చేస్తుంది.

మన దేశంలో సాధారణంగా ఆస్పత్రిలో వేరువేరు సందర్భాల్లో కొలిచినప్పుడు 140/90 గాని అంతకు మించి గాని ఉంటే అధిక రక్తపోటుగా పరిగణిస్తారు. రెండు అంకెల్లో ఏ ఒక్కటి హద్దు దాటినా అధిక రక్తపోటే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. రక్తపోటును నిర్ణయించే రెండు అంశాలు ఏవి?
2. యాంజియోటెన్సిన్-2 చేసే రెండు పనులు పేర్కొనండి.

10.3 లూపస్‌లో రక్తపోటు పెరగడానికి కారణాలు

మామూలుగా 30 ఏళ్లలోపు స్త్రీలలో అధిక రక్తపోటు అరుదు. లూపస్ ఉన్నప్పుడు మాత్రం ఈ రక్షణ చాలావరకు పోతుంది. దీనికి ఒకే కారణం లేదు. నాలుగు దారుల గుండా రక్తపోటు పెరుగుతుంది. ఒకే వ్యక్తిలో రెండు, మూడు దారులు ఒకేసారి పనిచేయవచ్చు.

10.3.1 మూత్రపిండాల వాపు

లూపస్‌లో శరీరం తన కణకేంద్రక పదార్థాలకే వ్యతిరేకంగా ప్రతిదేహాలను తయారు చేస్తుంది. ఇవి ప్రతిజనకాలతో కలిసి సంక్లిష్టాలుగా ఏర్పడతాయి. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సన్నని రక్తకేశనాళికల గుచ్ఛాల్లో ఈ సంక్లిష్టాలు పేరుకుంటాయి. అక్కడ కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఉత్తేజితమై వాపు మొదలవుతుంది. దీనికి లూపస్ నెఫ్రైటిస్ అని పేరు. లూపస్ ఉన్న పెద్దవారిలో దాదాపు సగం మంది వరకు ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడతారు.

వడపోత దెబ్బతిన్నప్పుడు రెండు పరిణామాలు కనిపిస్తాయి. ఒకటి, రక్తంలో ఉండవలసిన ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతుంది. అందుకే మూత్రం నురగగా వస్తుంది, ముఖం, పాదాలు వాస్తాయి. రెండు, ఉప్పు బయటికి పోకుండా శరీరంలో నిలుస్తుంది, రెనిన్ వ్యవస్థ ఉత్తేజితమవుతుంది. మన ఉదాహరణలోని ఉపాధ్యాయినికి కాళ్లు వాయడానికి, బీపీ పెరగడానికి మూలం ఒక్కటేనని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆమె కాళ్లవాపు నిలబడి పనిచేయడం వల్ల వచ్చింది కాదు.

నెఫ్రైటిస్ తొలిదశలో నొప్పి ఉండదు. కాబట్టి లూపస్ ఉన్న వ్యక్తిలో కొత్తగా రక్తపోటు పెరిగితే, మొదట అనుమానించవలసింది మూత్రపిండాలనే.

10.3.2 రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం

మూత్రపిండాలు బాగానే ఉన్న లూపస్ రోగుల్లో కూడా రక్తపోటు పెరుగుతుంది. ఇందుకు ఒక కారణం రక్తనాళాల లోపలి పొరలో ఉంది. దీన్ని ఎండోథీలియం అంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి నాళాన్ని సడలించి ఉంచుతుంది. దీర్ఘకాలం కొనసాగే వాపు వల్ల ఈ పొర దెబ్బతిని, నైట్రిక్ ఆక్సైడ్ లభ్యత తగ్గుతుంది. నాళాలు సరిగా వ్యాకోచించలేవు. క్రమంగా బిరుసెక్కుతాయి. నిరోధం పెరుగుతుంది.

10.3.3 మందుల ప్రభావం

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, ఆయన సహచరులు కీళ్లవాతం ఉన్న రోగికి మొదటిసారిగా కార్టిసోన్ ఇచ్చారు. 1950లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ తరవాత లూపస్ చికిత్సలోనూ స్టిరాయిడ్లు ప్రధాన స్థానం పొందాయి. ఇవి ఎందరి ప్రాణాలనో నిలబెట్టాయి. కాని వీటికి మూల్యం కూడా ఉంది. ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్లు శరీరంలో ఉప్పును నిలుపుతాయి, రక్తనాళాలను సంకోచింపజేసే పదార్థాల పట్ల వాటి స్పందనను పెంచుతాయి, ఆకలిని, బరువును, రక్తంలో చక్కెరను పెంచుతాయి. మోతాదు, వాడే కాలం పెరిగేకొద్దీ ఈ ప్రభావం కూడా పెరుగుతుంది.

రెండో వర్గం నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకు రక్త ప్రసారాన్ని తగ్గించి, ఉప్పును నిలిపి, రక్తపోటును పెంచుతాయి. కొన్ని బీపీ మందుల పనిని కూడా ఇవి దెబ్బతీస్తాయి. చీటీ లేకుండా మందుల దుకాణంలో కొని వాడుకోవడం మనలో చాలామందికి అలవాటు. లూపస్ ఉన్నవారికి ఈ అలవాటు ప్రమాదకరం. మూడో వర్గం సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్. నెఫ్రైటిస్ చికిత్సలో వాడే ఈ మందులు మూత్రపిండంలోని సన్నని ధమనులను సంకోచింపజేస్తాయి.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. 1950ల్లో బీపీకి హైడ్రలజిన్ అనే మందును పెద్ద మోతాదుల్లో వాడినప్పుడు, కొందరిలో లూపస్‌ను పోలిన లక్షణాలు కనిపించాయి. మందు ఆపితే సాధారణంగా ఆ లక్షణాలు తగ్గిపోతాయి. మందుల వల్ల కలిగే లూపస్‌కు ఇది ప్రసిద్ధ ఉదాహరణ.

10.3.4 అందరికీ వర్తించే కారణాలు

వయసు పెరగడం, ఊబకాయం, ఉప్పు ఎక్కువగా తినడం, పొగతాగడం, కుటుంబంలో బీపీ ఉండటం లూపస్ ఉన్నవారికీ వర్తిస్తాయి. పైగా కీళ్ల నొప్పులు, అలసట వల్ల వీరికి వ్యాయామం తగ్గుతుంది. ఎండ తగిలితే వ్యాధి ఎక్కువవుతుందని బయటికి వెళ్లడం మానేస్తారు. వ్యాధి, మందులు, కదలిక లేకపోవడం ఒకదానికొకటి తోడవుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
3. లూపస్ రోగికి కొత్తగా బీపీ పెరిగితే ముందుగా ఏ అవయవాన్ని పరీక్షించాలి? ఎందుకు?
4. రక్తపోటును పెంచే మూడు వర్గాల మందులను పేర్కొనండి.

10.4 అధిక రక్తపోటు వల్ల కలిగే నష్టం

1976లో కెనడాలోని టొరాంటోకు చెందిన మర్రే యురోవిట్జ్, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన విషయాన్ని వెల్లడించారు. లూపస్ రోగుల మరణాలు రెండు దశల్లో సంభవిస్తున్నాయి. వ్యాధి వచ్చిన తొలి కాలంలో తీవ్రమైన లూపస్ వల్ల, అంటురోగాల వల్ల. ఆ దశ దాటి చాలా సంవత్సరాలు బతికినవారిలో గుండెపోటు వల్ల. అంటే వ్యాధిని గెలిచామనుకున్నాక గుండె రూపంలో మరో ముప్పు ఎదురవుతున్నది.

1997లో అమెరికాలో సుసాన్ మాన్జి బృందం ప్రచురించిన అధ్యయనం ఈ ముప్పును అంకెల్లో చూపింది. 35 నుంచి 44 ఏళ్ల లూపస్ ఉన్న స్త్రీలను, ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలోని అదే వయసు స్త్రీలతో పోల్చినప్పుడు, లూపస్ ఉన్నవారిలో గుండెపోటు అవకాశం 50 రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. ఈ అంకెను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. ఆ వయసులోని మామూలు స్త్రీలలో గుండెపోటు చాలా అరుదు. కాబట్టి ఎన్నో రెట్లు పెరిగినా, లూపస్ ఉన్న యువతుల్లో అధిక శాతం మందికి గుండెపోటు వస్తుందని అర్థం కాదు. 'చిన్న వయసు కదా, భయం లేదు' అన్న ధీమా వీరికి చెల్లదని మాత్రమే దీని నుంచి గ్రహించాలి.

గుండెతోపాటు మెదడు, కళ్లు, మూత్రపిండాలు కూడా అధిక రక్తపోటుకు గురవుతాయి. దెబ్బతిన్న మూత్రపిండం రక్తపోటును పెంచుతుంది. పెరిగిన రక్తపోటు మూత్రపిండాన్ని మరింత దెబ్బతీస్తుంది. ఈ విషవలయాన్ని ఎంత తొందరగా తెంచితే మూత్రపిండాన్ని అంతగా కాపాడుకోవచ్చు. ఆలస్యమైతే డయాలిసిస్ వరకు వెళ్లవలసి రావచ్చు.

10.5 రక్తపోటును గుర్తించడం

అధిక రక్తపోటుకు చాలాసార్లు లక్షణాలే ఉండవు. తల తిరగడం, తలనొప్పి వస్తేనే బీపీ ఉన్నట్లు అనుకోవడం పొరపాటు. కొలిస్తేనే తెలుస్తుంది. లూపస్ ఉన్నవారు వైద్యుని వద్దకు వెళ్లిన ప్రతిసారీ రక్తపోటు, మూత్ర పరీక్ష చేయించుకోవాలి. ఎవరూ చూడకపోతే "నా బీపీ కూడా చూడండి" అని అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

ఇంట్లో కొలిచేటప్పుడు పాటించవలసిన పద్ధతి:

1. అరగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు. పొగతాగకూడదు.
2. మూత్రవిసర్జన చేసి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి 5 నిమిషాలు మౌనంగా కూర్చోవాలి.
3. చేతిని బల్లపై, గుండె ఎత్తులో ఉంచాలి. పట్టీని బట్టల మీద కాకుండా నేరుగా చేతికి చుట్టాలి. పట్టీ చేతి లావుకు తగినదై ఉండాలి.
4. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి, తేదీతో సహా పుస్తకంలో రాయాలి.

ఇంట్లో కొలిచిన సగటు 135/85 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే వైద్యునికి చూపించాలి. రక్తపోటు 180/120 దాటి, దానితోపాటు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, ఛాతీనొప్పి, ఆయాసం వంటివి ఉంటే అది అత్యవసర స్థితి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

10.6 నియంత్రణ, చికిత్స

లూపస్ రోగులలో రక్తపోటు 130/80 కంటే తక్కువగా ఉండేలా చూడాలని యూరప్ రుమటాలజీ సంఘాల సమాఖ్య అయిన యూలార్ 2022లో సూచించింది. దీన్ని సాధించడానికి మూడు మార్గాలు ఒకేసారి పాటించాలి.

(అ) లూపస్‌ను అదుపు చేయడం: వాపు తగ్గితే మూత్రపిండాలు, రక్తనాళాలు కుదుటపడతాయి. ప్రత్యేకమైన అడ్డంకి లేకపోతే లూపస్ ఉన్న ప్రతి ఒక్కరికీ హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇవ్వాలి. స్టిరాయిడ్లను కొనసాగించవలసి వస్తే, వీలైనప్పుడు ప్రెడ్నిసొలోన్‌ను రోజుకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువకు తగ్గించాలని 2023 యూలార్ సూచనలు చెబుతున్నాయి. అయితే ఒక హెచ్చరిక. 'స్టిరాయిడ్ వల్లే బీపీ' అని తెలిసిన వెంటనే కొందరు మాత్రలు ఒక్కసారిగా మానేస్తారు. కొంతకాలం స్టిరాయిడ్ వాడినవారి అడ్రినల్ గ్రంథులు సొంతంగా హార్మోను తయారు చేయడం తగ్గిస్తాయి. మాత్రలు హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. మోతాదును వైద్యుని పర్యవేక్షణలో క్రమంగానే తగ్గించాలి.

(ఆ) బీపీ మందులు: నెఫ్రైటిస్ ఉండి, రక్తపోటు పెరిగినవారికి లేదా మూత్రంలో ప్రోటీన్ తగినంతగా పోతున్నవారికి రెనిన్ వ్యవస్థను అడ్డుకునే మందులను ఎంచుకుంటారు. ఎనలప్రిల్, రామిప్రిల్ ఒక వర్గానికి; లోసార్టన్, టెల్మిసార్టన్ మరొక వర్గానికి చెందినవి. ఇవి రక్తపోటును తగ్గించడమే కాక, మూత్రంలో పోయే ప్రోటీన్‌నూ తగ్గిస్తాయి. వీటిని వాడేటప్పుడు రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్షించాలి. అవసరమైతే ఆమ్లోడిపిన్ వంటి ఇతర మందులు కలుపుతారు. బీపీ అదుపులోకి రాగానే మందు మానేయకూడదు. అది అదుపులో ఉన్నది మందు వల్లనే.

(ఇ) జీవనవిధానం: రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ, అంటే ఒక చెంచా కంటే తక్కువ ఉప్పు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన భోజనంలో ఉప్పు కూరలో మాత్రమే ఉండదు. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండు చేపలు, మజ్జిగలో కలిపే ఉప్పు అన్నీ లెక్కలోకి వస్తాయి. కూరలో ఉప్పు తగ్గించి, పచ్చడి రెండుసార్లు కలుపుకుంటే ప్రయోజనం లేదు. చింతపండు, నిమ్మరసం, కొత్తిమీర, జీలకర్ర, వెల్లుల్లి వంటివాటితో రుచి తెచ్చుకోవచ్చు. 'తక్కువ సోడియం ఉప్పు' పేరుతో అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు, పైన చెప్పిన రెనిన్ వ్యవస్థ మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వాటిని వాడకూడదు. పొద్దెక్కక ముందో, పొద్దుగూకాకో నడిస్తే ఎండ బెడద లేకుండా వ్యాయామం అవుతుంది.

ఈ చికిత్సలో కీళ్లవాత నిపుణులు, మూత్రపిండ నిపుణులు కలిసి పనిచేయవలసి ఉంటుంది. హైదరాబాదులోని నిమ్స్ వంటి సంస్థల్లో రుమటాలజీ విభాగం ఉంది. రక్తపోటు నమోదు, మందుల కొనసాగింపు మాత్రం దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా సాధ్యమే. 2017లో ప్రారంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి.

10.7 గర్భిణులలో ప్రత్యేక జాగ్రత్తలు

లూపస్ ఉన్న స్త్రీలు తల్లులు కావచ్చు. వ్యాధి కనీసం 6 నెలలపాటు అదుపులో ఉన్న తరవాత గర్భం ధరించడం మేలు. ఎనలప్రిల్, లోసార్టన్ వర్గాల మందులు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. కాబట్టి పిల్లలు కావాలనుకున్నప్పుడే వైద్యునితో చెప్పి, లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటి మందులకు మారాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనసాగించాలి.

వీరిలో ప్రీ-ఎక్లాంప్సియా అవకాశం ఎక్కువ. ఇది సాధారణంగా 20 వారాల తరవాత రక్తపోటు పెరిగి, మూత్రంలో ప్రోటీన్ కనిపించే స్థితి. నెఫ్రైటిస్‌లోనూ ఇవే లక్షణాలు ఉంటాయి కాబట్టి రెండింటినీ వేరు చేయడం కష్టం. రక్తంలో కాంప్లిమెంట్ తగ్గడం, డీఎన్‌ఏకు వ్యతిరేకమైన ప్రతిదేహాలు పెరగడం, మూత్రంలో ఎర్ర రక్తకణాలు ఉండటం నెఫ్రైటిస్ వైపు సూచిస్తాయి. ప్రీ-ఎక్లాంప్సియా ముప్పును తగ్గించడానికి వైద్యులు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 3
5. స్టిరాయిడ్లను హఠాత్తుగా ఎందుకు ఆపకూడదు?
6. గర్భిణులకు ఇవ్వకూడని రెండు బీపీ మందుల పేర్లు రాయండి.

10.8 సారాంశం

లూపస్ చిన్న వయసు స్త్రీలలో ఎక్కువగా కనిపించే స్వయం ప్రతిరక్షక వ్యాధి. మూత్రపిండాల వాపు, రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం, మందులు, సాధారణ జీవనవిధాన కారణాలు - ఈ నాలుగింటి వల్ల వీరిలో రక్తపోటు పెరుగుతుంది. దీనికి లక్షణాలు లేకపోవచ్చు. కొలవడం ఒక్కటే గుర్తించే మార్గం. కొత్తగా రక్తపోటు పెరిగితే మూత్ర పరీక్ష తప్పనిసరి. 130/80 కంటే తక్కువ లక్ష్యంగా వ్యాధి నియంత్రణ, బీపీ మందులు, ఉప్పు తగ్గింపు కలిపి సాగాలి.

మన ఉదాహరణలోని ఉపాధ్యాయిని తలనొప్పికి మాత్ర వేసుకుని ఊరుకోకుండా బీపీ చూపించుకుంది. అందువల్ల ఆమె మూత్రపిండాలను కాపాడే చికిత్స సమయానికి మొదలయింది. మీ ఇంట్లోగాని, మీరు పనిచేసే చోటగాని లూపస్ ఉన్నవారెవరైనా ఉంటే, చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారో ఒకసారి అడగండి. ఈ పాఠం ప్రయోజనం అక్కడ మొదలవుతుంది.

10.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. గుండె నిమిషానికి పంపే రక్తం, రక్తనాళాలు చూపే నిరోధం.
2. రక్తనాళాలను కుంచింపజేయడం, ఆల్డోస్టిరోన్ స్రావాన్ని పెంచడం.
3. మూత్రపిండాలను. నెఫ్రైటిస్ తొలిదశలో నొప్పి లేకుండా, రక్తపోటు పెరగడం ద్వారా బయటపడవచ్చు.
4. స్టిరాయిడ్లు; డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు; సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్.
5. అడ్రినల్ గ్రంథులు సొంతంగా హార్మోను తయారు చేయడం తగ్గించి ఉంటాయి కాబట్టి ప్రాణాపాయం కలగవచ్చు.
6. ఎనలప్రిల్, లోసార్టన్.

10.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లూపస్ రోగులలో రక్తపోటు పెరగడానికి గల కారణాలను వివరించండి.
2. లూపస్ రోగులలో అధిక రక్తపోటును నియంత్రించే మార్గాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మూత్రపిండానికీ రక్తపోటుకూ మధ్య ఉన్న విషవలయాన్ని వివరించండి.
2. ఇంట్లో రక్తపోటు కొలిచేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
3. లూపస్ ఉన్న గర్భిణిలో రక్తపోటు పెరిగితే కారణాన్ని తేల్చడం ఎందుకు కష్టం?

10.11 పదకోశం

స్వయం ప్రతిరక్షక వ్యాధి: రక్షణ వ్యవస్థ సొంత కణజాలంపై దాడి చేయడం వల్ల కలిగే వ్యాధి.
లూపస్ నెఫ్రైటిస్: లూపస్ వల్ల మూత్రపిండాలలో కలిగే వాపు.
ఎండోథీలియం: రక్తనాళాల లోపలి పొర.
రెనిన్: మూత్రపిండం విడుదల చేసే, రక్తపోటును పెంచే చర్యలను ప్రారంభించే ఎంజైము.
ప్రీ-ఎక్లాంప్సియా: గర్భిణులలో సాధారణంగా 20 వారాల తరవాత రక్తపోటు పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయే స్థితి.